మారుమనస్సు పొందాక పాత లెక్కలు ఏం చేశారు?

నడుస్తున్నవాడు (సోమవారం, రాత్రి 10:42)
అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లు దాటింది. మూడు సంగతులు అడగాలి.

ఒకటి, రాత్రిపూట ఫోన్లో చూడకూడనివి చూసే అలవాటు. నెలా నెలన్నర ఆగుతుంది, మళ్లీ మొదలు. రెండు, ఉదయం ప్రార్థన. మోకరిస్తాను గానీ ఐదు నిమిషాలకే మాటలు అయిపోతాయి. మూడోది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రక్షణలోకి రాకముందు ఆఫీసులో వెళ్లని ప్రయాణాలకు టాక్సీ బిల్లులు పెట్టి డబ్బు తీసుకున్నాను. ఒకసారి కాదు, దాదాపు ఏడాది పాటు. ఇప్పటికీ అదే కంపెనీలో పని. మొన్న పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య యేసుతో, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న వాక్యం విన్నప్పటి నుంచి కడుపులో తిప్పుతోంది. దేవుడు క్షమించాక అది ముగిసిన సంగతేనా? సలహాలకంటే మీ అనుభవాలు చెప్పండి.

తెల్లవారుజాము (మంగళవారం, ఉదయం 4:15)
బ్రదర్, మీ సమస్యలన్నిటికీ మూలం రెండోదే. నేను పదకొండేళ్లుగా నాలుగింటికి లేస్తున్నాను. జ్వరం వచ్చినా మానలేదు. మాటలు అయిపోతున్నాయంటే మీ సొంత మాటలతో ప్రార్థిస్తున్నారన్నమాట. 119వ కీర్తన తీయండి. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొక భాగం గట్టిగా, పెదవులు కదిలేలా చదవండి. ఒక్కో వచనం దగ్గర ఆగి దాన్నే ప్రార్థనగా తిప్పి చెప్పండి. ఎనిమిది వచనాలకు ఇరవై నిమిషాలు ఇట్టే గడుస్తాయి. నాలుగింటికి లేవడం మొదలుపెడితే రాత్రి ఫోన్ కూడా దానంతటదే పోతుంది. తొమ్మిదిన్నరకే నిద్ర ముంచుకొస్తుంది కదా!

రెండోమైలు (మంగళవారం, ఉదయం 6:50)
మూడో ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను అవతలి ఒడ్డున ఉన్న మనిషిని.

మా మరిది నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. నా నగలు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు. తర్వాత రక్షింపబడ్డాడు, సంతోషమే. సంఘంలో సాక్ష్యం చెబుతూ "దేవుడు నా అప్పులన్నీ కొట్టేశాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. ఆ కొట్టేసిన అప్పు నాది.

ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు అతను యువకులకు శిష్యత్వం మీద తరగతులు చెబుతున్నాడు.

మూలభాష (మంగళవారం, ఉదయం 9:14)
ముందు మాటల అర్థం తెలియాలి. మారుమనస్సుకు గ్రీకులో మెటనోయియా. మనసు మారడం, ఆలోచన దిశ మారడం. ఏడవడం కాదు, జరిమానా కట్టడం అంతకంటే కాదు. లాటిన్ బైబిల్లో ఇది 'ప్రాయశ్చిత్తం చేయండి' అన్నట్టు వినిపించింది, దానితో వందల ఏళ్లు గందరగోళం. 1517లో సంఘ సంస్కర్త లూథర్ పెట్టిన 95 వాదాల్లో మొట్టమొదటిదే ఇది: విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని.

ఇక జక్కయ్య, లూకా 19వ అధ్యాయం. మన తెలుగు బైబిల్లో "బీదలకిచ్చుచున్నాను", "నాలుగంతలు మరల చెల్లింతును" అని ఉంది. గ్రీకులో రెండు క్రియలూ వర్తమానమే. అంటే "ఇస్తున్నాను, చెల్లిస్తున్నాను". అతను అప్పటికే చేస్తున్న పని చెప్పుకుంటున్నాడు. మార్పు తర్వాత ఇచ్చే పరిహారం ఆ కథలో లేనే లేదు. నేను గ్రీకు నాలుగేళ్లు చదివాను, ఊహించి చెప్పడం లేదు.

చిన్నమంద (మంగళవారం, ఉదయం 9:40)
మొత్తానికి మోషే ధర్మశాస్త్రం కిందకు తీసుకెళ్తున్నారు కదా ఈయన్ని! కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14 చదవండి. మన మీద ఉన్న ఋణపత్రాన్ని సిలువకు మేకులతో కొట్టేశాడు. అయిపోయింది. బ్రదర్, మీకు కుటుంబం ఉంది. ఆఫీసులో నోరు తెరిస్తే ఏమవుతుందో మీకు తెలీదు. దేవుడు మరచిపోయినదాన్ని మీరు తవ్వొద్దు. నోరు మూసుకుని ఇప్పటి నుంచి నమ్మకంగా పనిచేయండి.

రెండోమైలు (మంగళవారం, ఉదయం 9:52)
చిన్నమంద గారూ, సిలువకు కొట్టిన పత్రం దేవుని దగ్గర ఉన్నది. మా మరిది సంతకం పెట్టిన నోటు నా బీరువాలో ఉంది. రెండూ ఒకటి కాదు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నది ఎవరు? మోషే కాదు కదా, యేసే.

లెక్కలాయన (మంగళవారం, మధ్యాహ్నం 1:20)
ఇరవై ఏళ్లు ఆడిట్ చేసినవాణ్ని, కాబట్టి లెక్క నుంచి మొదలుపెడతాను. నాలుగంతలు అందరికీ కాదు. నిర్గమకాండము 22లో గొర్రెను దొంగిలించి అమ్మితేనో చంపితేనో నాలుగు, ఎద్దుకైతే అయిదు. ప్రాణంతో దొరికితే రెండంతలు. ధనవంతుడు బీదవాడి గొర్రెపిల్లను లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పిన కథ విని దావీదు రాజు "నాలుగంతలు" అన్నది అందుకే. కానీ దొరక్కుండా తనంతట తాను ఒప్పుకునేవాడికి సంఖ్యాకాండము 5:7లో వేరే లెక్క: అసలు, దానికి అయిదో వంతు కలిపి. ఒప్పుకోవడం ముందు, డబ్బు తర్వాత. ఆ వరస గమనించండి.

జక్కయ్య తన నేరానికి పెద్ద శిక్షను తానే ఎంచుకున్నాడు, అదీ అందం. మీరు నాలుగంతలు కట్టాలని నేననను. అసలూ, అయిదో వంతూ.

మూలభాష గారికి ఒక్క ప్రశ్న. "నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల" అన్న మాట ముందుంది. అది అతని అలవాటే అయితే, రోజూ అన్యాయంగా తీసుకుంటూ, రోజూ నాలుగంతలు తిరిగి ఇస్తూ ఉండేవాడా? ఏ సుంకరికీ అది గిట్టుబాటు కాదు.

మూలభాష (మంగళవారం, మధ్యాహ్నం 1:47)
వ్యాకరణానికి ఆడిటర్ జవాబు! పొరపాటున ఎక్కువ వసూలైతే సరిదిద్దుతాడని అర్థం. అతన్ని పాపి అన్నది గుంపు, యేసు కాదు. 7వ వచనం చూడండి.

లెక్కలాయన (మంగళవారం, మధ్యాహ్నం 2:03)
10వ వచనం కూడా చూడండి. నశించినదాన్ని వెదకి రక్షించడానికి వచ్చానన్నది ఎవరి గురించి? "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. నిన్న కాదు, నేడు. 'రేపు వస్తున్నాను' అని మనం అనమా? అది వర్తమానమా, భవిష్యత్తా?

మూలభాష (మంగళవారం, మధ్యాహ్నం 2:10)
భాష రానివాళ్లతో వాదించడం నా తప్పే.

లెక్కలాయన (మంగళవారం, మధ్యాహ్నం 2:12)
భాష వచ్చినవాళ్లు డబ్బు తిరిగి ఇవ్వకుండా ఉండటానికి వ్యాకరణం వెతుక్కోవడం నేను మొదటిసారి చూస్తున్నాను.

కొత్తమొక్క (మంగళవారం, మధ్యాహ్నం 3:30)
వందనాలు. నాదో చిన్న సందేహం. చిన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం పొందినవాళ్లు మారుమనస్సు పొందాక మళ్లీ మునగాలా?

నిర్వాహకుడు (మంగళవారం, మధ్యాహ్నం 3:34)
ఇక్కడ వద్దు, దయచేసి. గతసారి ఆ చర్చకు తాళం వేయాల్సి వచ్చింది. మూలభాష, లెక్కలాయన గార్లు కూడా కాస్త ఊపిరి తీసుకోండి.

ఐదోసారి (మంగళవారం, సాయంత్రం 6:15)
మొదటి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, అందరం పవిత్రులమే కాబోలు. నాదీ అదే రోగం కాబట్టి నేను చెబుతాను.

ఒట్లు పెట్టుకున్నాను, ఉపవాసం ఉన్నాను, రెండు ఫోన్లు మార్చాను. మత్తయి 12లో ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంటికి దయ్యం మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది చూడండి, అచ్చం అదే. ఊడ్చడం నాకు బాగా వచ్చు. ఇల్లు ఖాళీగా ఉంచడం కూడా బాగా వచ్చు. చివరికి పనిచేసింది చాలా చిన్న విషయం. ఛార్జరు హాల్లో టీవీ వెనక బిగించేశాను, పడకగదిలో ప్లగ్గు లేదు. రాత్రి పదిన్నరకు ఒక స్నేహితుడికి మెసేజ్‌లో చుక్క పెడతాను. ఒట్టి చుక్క, అంతే. చుక్క రాకపోతే వాడు ఫోన్ చేస్తాడు. మొదటి నెలలో మూడుసార్లు చేశాడు. మూడోసారి ఎత్తగానే ఏమీ అనలేదు, "రేపు కలిసి నడుద్దామా" అన్నాడు. రెండేళ్లలో రెండుసార్లు పడ్డాను. పడ్డానని ఆ పొద్దున్నే చెప్పాను. ఇదివరకు పడితే నెల రోజులు బైబిల్ తెరిచేవాణ్ని కాదు, దేవుడి ముఖం ఎలా చూడాలని. అసలు నష్టం ఆ నెలలోనే.

తెల్లవారుజాము (మంగళవారం, సాయంత్రం 6:40)
నాలుగింటికి లేస్తే చుక్కలతో పని లేదు.

ఐదోసారి (మంగళవారం, సాయంత్రం 6:41)
మీరు నిద్రపోయే టైముకే నాకు శోధన మొదలవుతుంది. దేవుడు ఇద్దర్నీ ఒకేలా చేయలేదు సార్.

కోడికూత (మంగళవారం, రాత్రి 9:05)
తిరిగి ఇవ్వడం గురించి అందరూ జక్కయ్యనే పట్టుకున్నారు. తిరిగి ఇచ్చినవాడు ఇంకొకడున్నాడు: యేసును డబ్బుకు అప్పగించిన యూదా. ముప్పై వెండి నాణేలు, పైసా తగ్గకుండా. "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు కూడా. మత్తయి 27. మన లెక్క ప్రకారం అన్నీ సరిపోయాయి. కానీ ఒప్పుకున్నది ఎవరి దగ్గర? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అనే మనుషుల దగ్గర. యేసును ఎరగనని బొంకిన పేతురు రూపాయి కట్టలేదు. వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ మిగతావాళ్లను వదిలి వెళ్లలేదు.

ఇది ఎందుకంటున్నానంటే, నేనూ ఒకరికి డబ్బు తిరిగి ఇచ్చాను. ఇచ్చిన మర్నాడు మనసు తేలిక అవుతుందనుకున్నాను. గర్వం వచ్చింది. వారం తర్వాత అంతకు రెట్టింపు నిస్పృహ వచ్చింది. రెండో కొరింథీయుల 7:10లో పౌలు దుఃఖాన్ని దేవుని చిత్తానుసారమైనది, లోకసంబంధమైనది అని రెండుగా చీల్చాడు కదా, నాది రెండో రకమని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇవ్వండి, కానీ ఒంటరిగా వెళ్లకండి.

మూలభాష (మంగళవారం, రాత్రి 9:30)
చాలా మంచి పరిశీలన. యూదా దగ్గర గ్రీకు మాట కూడా వేరు, మెటనోయియా కాదు, మెటమెలోమై, అంటే చేసినదానికి చింతించడం. తెలుగులోనూ అక్కడ 'మారుమనస్సు' అనకుండా "పశ్చాత్తాపపడి" అన్నారు. అనువాదకులు జాగ్రత్తపడ్డారు.

రెండోమైలు (మంగళవారం, రాత్రి 9:44)
బాగానే ఉంది గానీ, పేతురు ఎవరి డబ్బూ తినలేదు. రేపు మా మరిది ఇది చదివి "నేను పేతురును" అంటే?

చిన్నమంద (మంగళవారం, రాత్రి 11:58)
పొద్దున్న కఠినంగా రాశాను. కారణం చెప్పాలి.

ఎనిమిదేళ్ల క్రితం నేను ఇదే పని చేశాను. స్టోరులో సరుకు లెక్కల్లో తేడా, నా చేతివాటమే. బాప్తిస్మం అయిన పది రోజులకు వెళ్లి యజమానికి చెప్పాను. డబ్బు కవర్లో పెట్టి బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు. సాయంత్రానికి ఇంటికి పంపేశాడు. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను, హల్లెలూయలు మోగాయి. తర్వాత నాలుగు నెలలు ఉద్యోగం లేదు. ఒక్కరు మా తలుపు తట్టలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంఘం ఉన్న వీధిలోంచి నడవదు.

ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీయులకు 6:2లో ఉన్నది కూడా వాక్యమే కదా? అందుకే ఎవరైనా "వెళ్లి చెప్పు" అంటే నాకు మండుతుంది. చెప్పమనేవాడు తర్వాత ఎక్కడుంటాడు?

తెల్లవారుజాము (బుధవారం, ఉదయం 4:20)
బాధ కలిగింది బ్రదర్. అయితే ఆ రోజు వెళ్లేముందు ఉపవాస ప్రార్థన చేసి ఉంటే యజమాని హృదయం మెత్తబడి ఉండేదేమో.

ఐదోసారి (బుధవారం, ఉదయం 7:02)
అయ్యా, కొంచెం ఆగుతారా? యోబు కష్టాల్లో ఉన్నప్పుడు అతని స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే.

తెల్లవారుజాము (బుధవారం, ఉదయం 7:30)
సరే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నమంద గారూ, క్షమించండి.

లెక్కలాయన (బుధవారం, ఉదయం 10:15)
నడుస్తున్నవాడు గారికి, పనికొచ్చే మాట ఒక్కటి. ఆ డబ్బు కానుకల పెట్టెలో వేయకండి, పేరు చెప్పకుండా కంపెనీ ఖాతాలో జమ చేయకండి. మొదటిది ఎవరిదో సొమ్ము దేవుడికిచ్చి చేతులు దులుపుకోవడం. రెండోదైతే అకౌంట్స్‌లో ఎవడో అమాయకుడు ఆ జమ ఎక్కడిదని వారం తల పట్టుకుంటాడు. ఒక కాగితం మీద తేదీలు, మొత్తాలు, గుర్తులేనివి అంచనా అని రాసి, కింద సంతకం పెట్టండి. సాకులు రాయకండి. "అప్పట్లో అందరూ చేసేవారు" అసలే రాయకండి. ఇంట్లో ముందు చెప్పండి, జరిగేది ఇద్దరికీ జరుగుతుంది. ఉద్యోగం పోవచ్చు. పోదని నేను మాటివ్వను.

కొత్తమొక్క (బుధవారం, ఉదయం 11:00)
ఇవ్వాల్సిన మనిషి చనిపోయి ఉంటే?

లెక్కలాయన (బుధవారం, ఉదయం 11:06)
వారసులకు. వాళ్లూ లేకపోతే ఏం చేయాలో సంఖ్యాకాండము 5:8లో ఉంది. మోషే అది కూడా ఆలోచించాడు.

నడుస్తున్నవాడు (శనివారం, రాత్రి 10:20)
అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు.

కాగితం రాశాను. పద్నాలుగు ప్రయాణాలు గుర్తొచ్చాయి, మిగతావి అంచనా. "అప్పట్లో అందరూ" అన్న మాట మొదటి ప్రతిలో నిజంగానే ఉంది, కొట్టేశాను. మా ఆవిడకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ వాషింగ్ మెషీన్ ఆ డబ్బుతోనే కొన్నారా?" అని అడిగింది. అవునన్నాను. నిన్న బట్టలు చేత్తో ఉతికింది. నేను వెళ్లి పక్కన కూర్చుని పిండాను.

మంగళవారం ఉదయం పదకొండింటికి మేనేజర్ గారిని టైం అడిగాను. ఛార్జరు హాల్లోకి మారింది.

చిన్నమంద (శనివారం, రాత్రి 10:31)
మీ నంబరు నాకు విడిగా పంపండి. మంగళవారం మధ్యాహ్నం నేనే ఫోన్ చేస్తాను. జవాబు ఏదైనా సరే. ఆ తర్వాతి నెల కూడా చేస్తాను.

రెండోమైలు (శనివారం, రాత్రి 10:50)
మీ ఆవిడకు నా వందనాలు చెప్పండి తమ్ముడూ.

తెల్లవారుజాము (ఆదివారం, ఉదయం 4:12)
పదకొండింటికి నేనూ ఆఫీసులోనే ఉంటాను. మెట్ల దగ్గరకు వెళ్లి ప్రార్థిస్తాను. 119వ కీర్తన మొదలుపెట్టారా? ఎన్నో భాగంలో ఉన్నారు?

నడుస్తున్నవాడు (ఆదివారం, ఉదయం 6:35)
మూడోది, గీమెల్ అనే హీబ్రూ అక్షరం భాగం. అధికారులు కూర్చుని నాకు విరోధంగా మాట్లాడుకుంటారనే వచనం దగ్గర ఆగాను.