మా ఊరి బీడును సోలార్‌కు అడుగుతున్నారు, మేతకు వెల ఎవరు కట్టాలి?

ప్రశ్న (ఉరవకొండ రైతు):
మా ఊరి బీడు మూడు వందల ఎకరాలు సోలార్‌కు కావాలంటున్నారు. వాళ్ల కాగితంలో దాని పేరు బంజరు. ఆ బంజరులోనే మా తమ్ముడి నూట ఇరవై గొర్రెలు తొలకరి నుంచి సంక్రాంతి దాకా మేస్తాయి. బొగ్గు పొగకు పన్ను వేయాలంటే నేనూ చేయెత్తుతాను. పొగ రాని కరెంటుకు మాత్రం ఖర్చే లేనట్టు మాట్లాడతారేమిటి? పట్టా ఉన్నవాడికి కౌలు వస్తుంది. కంచె పడ్డాక మా తమ్ముడు కొనే మేత ఏ యూనిట్ ధరలో కలుస్తుంది?

జవాబు (ఎర్రగుంట్ల విశ్రాంత ఉద్యోగి):
ముప్పై ఏళ్లు బొగ్గు కరెంటు జీతం తిన్నవాడిని, నా మాటలో కాస్త మొగ్గు ఉంటే మన్నించండి. నష్టం చేసినవాడి మీదే పన్ను వేయాలని పిగూ అనే ఆర్థికవేత్త 1920లోనే రాశాడు. మన దగ్గర 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టారు, 2016కు అది 400 అయింది. యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో బొగ్గు అనుకున్నా ఆ సెస్సు 30 పైసలు. 2017 నుంచి ఆ సొమ్ము జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గిన ఆదాయం పూడ్చడానికి మళ్లింది. 2025 సెప్టెంబరులో సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇప్పుడు పన్ను బరువు మీద కాదు, ధర మీద. నాసి బొగ్గు చవక కాబట్టి దానికి పన్నూ తక్కువే. బూడిద ఎక్కువ వచ్చేది దాంట్లోనే!

జవాబు (నందికొట్కూరు పక్షి ప్రేమికుడు):
అన్నా, మేతతో పాటు తీగల లెక్క కూడా అడగండి. మా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే వెలిసింది. బరువైన పక్షి, కళ్లు తలకు పక్కల ఉంటాయి. ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనపడదు, కనపడినా చటుక్కున తప్పుకోలేదు. ఈ పిట్ట తిరిగే రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ఖర్చు ఎక్కువని 2024లో సడలించింది. అయినా నేను సోలార్ వద్దనను. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల పార్కుకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది, అదే కరెంటుకు బొగ్గు తవ్వితే ఇంకొకరి ఊరు పోయేది. పలకలను కాస్త ఎత్తులో బిగించి, కింద గొర్రెలను మేపుకోనివ్వాలని ఒప్పందంలోనే రాయించండి.

ఉరవకొండ రైతు:
ఎత్తు సంగతి తట్టలేదు, గ్రామసభలో అడుగుతాను. మేత వెల చూపడానికి మా తమ్ముడు నిరుడు వేసవిలో కొన్న వేరుశనగ కట్టె చీటీలు వెతుకుతున్నాడు. రెండు దొరికాయి, మూడోది చొక్కా జేబులో ఉతుకుడుకు పోయిందట.