సైట్ గణాంకాల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఎందుకు కనిపిస్తోంది?

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్క అరకు కాఫీ పొడి అమ్ముతుంది, ఆ చిన్న వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. వారం నుంచి లాగ్స్‌లో (సైట్‌కి వచ్చినవాళ్ల వివరాలు నమోదయ్యే ఫైళ్లలో) ‘ఎంఎస్ఐఈ 6.0, విండోస్ ఎన్‌టీ 5.1’ అని వరసగా వస్తోంది, అంటే 2001 నాటి బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 (ఐఈ6), విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్! అవన్నీ తెల్లవారుజామున మూడింటికే, హోమ్ పేజీ తీసుకుని ఫొటో ఒక్కటి కూడా లోడ్ చేయకుండా వెళ్లిపోతున్నాయి. పైగా బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య కనెక్షన్‌ని భద్రంగా ఉంచే టీఎల్ఎస్ పద్ధతిలో మా సర్వర్ 1.2 వెర్షన్ కంటే పాతది ఒప్పుకోదు, ఎక్స్‌పీలో ఐఈ6కి అది రాదు కదా, మరి పేజీ ఎలా తెరుచుకుంటోంది? ఇవి పేరు మార్చుకొచ్చిన బాట్‌లేనా (మనుషులు కాకుండా వాటంతటవే సైట్లు తెరిచే ప్రోగ్రామ్‌లు)? బ్లాక్ చేస్తే నిజమైన కస్టమర్లెవరైనా ఆగిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి ఎదుర్కొన్నవాళ్లు ఏం చేశారో కాస్త చెప్పండి, ప్లీజ్.