డెంగీ పెప్టైడ్ ఎలైజా: మూడు ఎవరికీ పలకడం లేదు, ఒకటి అందరికీ పాజిటివ్

సీరంచూపు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. డెంగీ వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో ఐజీజీ యాంటీబాడీలను పట్టుకోవడానికి సొంతంగా పెప్టైడ్‌లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) డిజైన్ చేసి, ప్లేటు మీద రంగు చూసి యాంటీబాడీ ఉందో లేదో చెప్పే ఎలైజా పరీక్ష పెడుతున్నాను. వైరస్ పైన ఉండే ఎన్వలప్ ప్రోటీన్ సీక్వెన్స్ తీసుకుని ఎపిటోప్‌లు, అంటే యాంటీబాడీ పట్టుకునే చోట్లు, అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, మంచి స్కోరు వచ్చిన నాలుగు ముక్కలు ఎంచుకున్నాను. ఒక్కోటి 15 అమైనో ఆమ్లాలు. నాలుగు డెంగీ టైపులూ ఒకే పెప్టైడ్‌కి దొరకాలని, టైపు మారినా సీక్వెన్స్ మారని చోట్లే ఏరాను. పెప్టైడ్‌ని ప్లేటుకి అతికించే కోటింగ్ కార్బొనేట్ బఫర్‌లో, పీహెచ్ 9.6, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర. పొద్దున ప్లేటు మీద మిగిలిన ఖాళీ చోట్లు మూయడానికి పాలపొడితో బ్లాకింగ్.

మూడు పెప్టైడ్‌లు, డెంగీ అని ఖాయంగా తెలిసిన సీరాలకు కూడా రంగు ఇవ్వడం లేదు. నాలుగోది, 100వ అమైనో ఆమ్లం చుట్టుపక్కల ముక్క, నెగెటివ్ సీరాలతో సహా అందరికీ పసుపే. ప్లేటు మొత్తం ఒకే రంగులో కనిపిస్తే ఎంత నీరసం వస్తుందో మీకు తెలుసు. మూడు నెలలుగా ఇదే పని, గైడ్‌గారికి ఏం చూపించాలో అని ఒకటే టెన్షన్. తప్పు డిజైన్‌లో ఉందా, ప్లేటు దగ్గర ఉందా?

పాతకెమిస్ట్:

రెండు చోట్లా ఉంది, కానీ ముందు ప్లేటు సంగతి చూద్దాం, ఎందుకంటే పలకని ఆ మూడు పెప్టైడ్‌లు అసలు ప్లేటు మీద ఉన్నాయో లేదో మీకు ఇంకా తెలియదు. దాదాపు 495 అమైనో ఆమ్లాల ఎన్వలప్ ప్రోటీన్ ప్లాస్టిక్‌కి నాలుగైదు చోట్ల అతుక్కున్నా, యాంటీబాడీ పట్టుకోవడానికి ఇంకా బోలెడంత మిగులుతుంది. 15 అమైనో ఆమ్లాల ముక్కకి ఆ వీలు లేదు. అతుక్కోకపోతే వాష్‌లో కొట్టుకుపోతుంది, అతుక్కుంటే ఏ భాగం యాంటీబాడీకి కనిపించాలో అదే ప్లాస్టిక్‌కి ఆనుకుని దాక్కుంటుంది. అందుకే చిన్న పెప్టైడ్‌ని నేరుగా కోటింగ్ చేయొద్దని ఎవరు అడిగినా చెబుతాను. ఒక చివర బయోటిన్, దానికీ పెప్టైడ్‌కీ మధ్య అమైనోహెక్సనోయిక్ ఆమ్లం లాంటి చిన్న స్పేసర్ పెట్టించి, బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ప్రోటీన్ పూసిన ప్లేటు మీద నిలబెట్టండి. అప్పుడు పాలపొడి బ్లాకింగ్ మాత్రం మానేయాలి, పాలలో బయోటిన్ ఉంటుంది, అది స్ట్రెప్టావిడిన్‌లో మీ పెప్టైడ్ చోటు ఆక్రమిస్తుంది. ఇది తెలియక మంచి పెప్టైడ్‌లను పనికిరావని పక్కన పడేసినవాళ్లను చూశాను.

రెండోది, చివర్లు. ప్రోటీన్ మధ్యలో ఉన్నప్పుడు ఆ ముక్కకి రెండు పక్కలా చార్జ్ లేదు. మీరు కోసి విడిగా చేయించేసరికి ఒక చివర అమైన్, ఇంకో చివర ఆమ్లం, రెండూ చార్జ్‌తో నిలబడ్డాయి. బయోటిన్ పెట్టిన చివర ఎలాగూ మూసుకుపోతుంది, రెండో చివర అమైడ్ చేసి ఇమ్మని అడగండి.

ఇక నాలుగో పెప్టైడ్. అందులో ట్రిప్టోఫాన్, లూసిన్, ఫినైల్‌అలనైన్ ఉండి ఉండాలి, అన్నీ జిగురు స్వభావం ఉన్నవే. అవే అమైనో ఆమ్లాలను వరస తారుమారు చేసి ఇంకో పెప్టైడ్ చేయించండి. దానికీ అందరూ పాజిటివ్ అయితే మీరు చూస్తున్నది యాంటీబాడీ గుర్తింపు కాదు, వట్టి జిగురే. ఈలోగా ఖర్చు లేని పని ఒకటుంది. ప్లేటులో కొన్ని వెల్స్‌లో (గుంటల్లో) సీరం వేయకుండా, మనిషి యాంటీబాడీని పట్టుకుని రంగు తెప్పించే, ఎంజైమ్ తగిలించిన సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసి చూడండి.

నిజంమాట్లాడదాం:

అసలు పెప్టైడ్ ఎందుకండీ? ఎన్వలప్ మీద పట్టుకునే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం మడతపడిన ఆకారాన్నే గుర్తుపడతాయి, సీక్వెన్స్‌లో దూరంగా ఉన్న ముక్కలు మడతలో పక్కపక్కకి వచ్చి ఎపిటోప్ అవుతాయి. తిన్నని 15 అమైనో ఆమ్లాల ముక్కలో ఆ ఆకారం ఎక్కడిది? ల్యాబ్‌లో తయారుచేసిన మొత్తం ప్రోటీన్ (రీకాంబినెంట్ ప్రోటీన్) తీసుకుని పని కానివ్వండి.

యాంటీబాడీవేట:

పైన చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. కానీ మొత్తం ప్రోటీన్ పెడితే జికా వచ్చినవాళ్ల సీరం కూడా పలుకుతుంది, ఈ కుటుంబపు వైరస్‌లతో ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పి అదే. దగ్గరి చుట్టాలైన రెండు వైరస్‌లను విడదీయాలంటే, తేడా ఉన్న చిన్న ముక్కని మాత్రమే ముందు పెట్టగలగాలి, పెప్టైడ్ విలువ అక్కడే. అయితే సీరంచూపు గారూ, మీరు సరిగ్గా దానికి ఎదురు దారిలో వెళ్లారు. 98 నుంచి 110 వరకు ఉండేది ఫ్యూజన్ లూప్, వైరస్ మన కణంతో కలిసిపోవడానికి వాడే ముక్క. అది నాలుగు డెంగీ టైపుల్లోనే కాదు, జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎల్లో ఫీవర్ అన్నింట్లోనూ దాదాపు ఒకటే. నాలుగు టైపుల్లో ఒకేలా ఉందా అని చూసి ఊరుకోకూడదు, పక్క వైరస్‌ల సీక్వెన్స్‌లను కూడా అదే వరసలో కింద పేర్చి, అక్కడ మారిందా అని చూడాలి.

ఆకారం విషయానికి హెచ్‌ఐవీ ఉదాహరణ చూడండి. హెచ్‌ఐవీ పైపొర ప్రోటీన్ జీపీ41లో యాంటీబాడీలు బాగా గుర్తుపట్టే చోట రెండు సిస్టీన్‌లు, వాటి మధ్య ఐదు అమైనో ఆమ్లాలు. ఆ రెండు సిస్టీన్‌లూ డైసల్ఫైడ్ బంధంతో ముడిపడి ఉంగరంలా ఉన్నప్పుడు గుర్తింపు బాగుంటుంది, ఎన్నో హెచ్‌ఐవీ టెస్టులు ఆ చోటు మీదే ఆధారపడ్డాయి. అంటే తిన్నని ముక్క కుదరకపోతే ఉంగరం చేయొచ్చు, పెప్టైడ్‌నే వదిలేయక్కర్లేదు. అదే ఉదాహరణలో భయపడాల్సిన సంగతీ ఉంది. హెచ్‌ఐవీ-1లో గ్రూప్ ఓ అనే రకంలో అక్కడి సీక్వెన్స్ కొంచెం వేరు, అప్పట్లో ఉన్న కొన్ని టెస్టులు ఆ రకం సోకినవాళ్లలో కొందరికి నెగెటివ్ చూపాయని 1994లో బయటపడింది. మనం ఎంచుకునే 15 అక్షరాల వెనక, ఇన్‌ఫెక్షన్ ఉండి కూడా లేదనే రిపోర్టు చేతికి తీసుకునే మనిషి ఉంటాడు. ఇది మర్చిపోవద్దు.

సాఫ్ట్‌వేర్ స్కోరుని అంత నమ్మకండి. 1984లో గైసెన్ బృందం గాలికుంటు వైరస్ మీద ఏం చేసిందో చూడండి. 213 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ని ఆరేసి చొప్పున, ఒక్కో అడుగు జరుపుతూ, 208 పెప్టైడ్‌లుగా చేసి అన్నింటినీ సీరంతో పరీక్షించారు. మీరు అంత చేయక్కర్లేదు, 15 అమైనో ఆమ్లాల ముక్కలు ఐదేసి జరుపుతూ వెళ్లినా దాదాపు వంద పెప్టైడ్‌లతో ప్రోటీన్ అంతా అయిపోతుంది, ఏవి పలుకుతాయో చూసే తొలి వడపోతకి కాబట్టి పెప్టైడ్‌ల శుద్ధి తక్కువైనా సరిపోతుంది. డెంగీ వైరస్‌దే ఇంకో ప్రోటీన్ ఎన్‌ఎస్1ని కూడా కలపండి.

మీ నెగెటివ్‌లు ఎవరు? ఆరోగ్యంగా ఉన్న పదిమందేనా?

పాతకెమిస్ట్:

ఒకటి చెప్పడం మరిచాను. పెప్టైడ్ తయారీలో అమైనో ఆమ్లాలను ఒక్కోటిగా తగిలించే ప్రతి అడుగూ 99 శాతం కుదిరినా, 20 అమైనో ఆమ్లాల పెప్టైడ్ పూర్తయ్యేసరికి సరైనది 83 శాతం దాకా ఉంటుంది, 40 అయితే 68కి దిగుతుంది, మిగతావి మధ్యలో ఒకటో రెండో జారిపోయిన ముక్కలు. వడపోతలో నచ్చినదాన్ని తర్వాత హెచ్‌పీఎల్‌సీ అనే విడదీసే పద్ధతిలో బాగా శుద్ధి చేయించి, అణువు బరువు సరిపోయిందో చెప్పే మాస్ రిపోర్టు చూసి తీసుకోండి. సీసాలో ఒక మిల్లీగ్రామ్ పొడి అంటే అంతా పెప్టైడ్ కాదు, అందులో నీరూ ట్రైఫ్లోరోఅసిటేట్ ఉప్పూ కూడా ఉంటాయి. అసలు పెప్టైడ్ ఎంతో కొలిపించకపోతే రెండో బ్యాచ్ వచ్చిన రోజు రీడింగ్‌లన్నీ మారిపోతాయి.

సీరంచూపు:

చాలా థ్యాంక్స్ అండీ. నిన్న రాత్రే సీరం లేకుండా సెకండరీ ఒక్కటే వేసి చూశాను. నాలుగో పెప్టైడ్ ఉన్న వెల్స్‌లో రంగు రీడింగ్ 0.7 దాకా వచ్చింది, పెప్టైడ్ లేని వెల్స్ ఖాళీగానే ఉన్నాయి. అంటే సెకండరీ యాంటీబాడీయే దానికి అంటుకుంటోంది, ఎవరి సీరం వేసినా తేడా లేకపోవడానికి కారణం దొరికింది. పలకని మూడింటినీ బయోటిన్, స్పేసర్‌తో మళ్లీ చేయించడానికి ఈరోజు రాసి పంపాను, సీక్వెన్స్‌లను జికాతో, జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో పక్కపక్కన పేరుస్తున్నాను, మూడింట్లో ఒకటి అప్పుడే పోయేలా ఉంది. నెగెటివ్‌లు మీరన్నట్టే ఆరోగ్యంగా ఉన్న పన్నెండుమంది.

యాంటీబాడీవేట:

పన్నెండు సరిపోదు. నెగెటివ్‌ల సగటుకి మూడు స్టాండర్డ్ డీవియేషన్‌లు కలిపి, పాజిటివ్‌నీ నెగెటివ్‌నీ విడదీసే కటాఫ్ గీసినా, ఒక్క జిగురు సీరం చాలు గీత పైకి లాగేయడానికి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నవాళ్లు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వచ్చినవాళ్లు, మలేరియావాళ్లు, ఇలాంటి సీరాలు కొత్త పెప్టైడ్‌లు చేతికి వచ్చేలోపే సమకూర్చుకోండి. రేపు ఐజీఎం (సోకిన కొత్తలో వచ్చే యాంటీబాడీ) కూడా చూస్తానంటే రుమటాయిడ్ ఫ్యాక్టర్, అంటే మన ఐజీజీకే అంటుకునే యాంటీబాడీ, ఉన్నవి కూడా కావాలి. ఫ్రీజర్‌లో పెట్టేముందు చిన్న చిన్న గొట్టాల్లోకి పంచుకోండి, ఒకే గొట్టాన్ని పదిసార్లు కరిగించకండి.