భోషాణం మీద ఆకుపచ్చ ఎనామిల్: కాస్టిక్‌లో ముంచాలా, చేత్తో గీకాలా?

పాతసామాను_ప్రొద్దుటూరు:

అన్నలకు నమస్తే. ఒక భోషాణం బేరానికి వచ్చింది. పొడవు 4 అడుగులు, వెడల్పు 2, ఎత్తు రెండున్నర. కింద చెక్క చక్రాలు నాలుగు. నాకైతే టేకు మాదిరే ఉంది, అమ్మేవాళ్లు ఎర్రచందనం అంటున్నారు. ఒళ్లంతా ఆకుపచ్చ ఎనామిల్, కనీసం మూడు పూతలు. మూత మీద పొడవునా పగులు, గోరు దూరేంత. మూలల్లో ఇత్తడి రేకులు, పువ్వు తలల మేకులు. కొన్ని మేకులు ఊడిపోతే ఇనుపవి కొట్టినారు, వాటి చుట్టూ నల్లమరకలు. అడుగు పలకలో సన్న బొక్కలు, పిండి రాలుతోంది.

కాస్టిక్ సోడా తొట్టిలో ముంచితే గంటలో పెయింటు పోతుందంటున్నారు, చేయించొచ్చా? పగులుకు లప్పం పెట్టి పైన పీయూ (పాలియురెథేన్ వార్నిష్) కొట్టిస్తే సరిపోతుందా? కొనేవాళ్లు దీన్ని హాల్లో కడప బండల మీద పెట్టి, పైన టీవీ పెట్టుకుంటారట.

కూసం_బెజ్జం:

కాస్టిక్ మాట మర్చిపోన్నా. గంటలో పెయింటు పోయేది నిజమే. దాంతోపాటు కూసాల్లో, అంటే చెక్క అతుకుల్లో ఉన్న సరేసు జిగురు (పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది) కరుగుతుంది, టేకు నల్లబడుతుంది, నార లేచి గరుకవుతుంది. చెక్క పీల్చుకున్న కాస్టిక్ కొన్నాళ్లకు పాలిష్ కింద ఉప్పు పూసినట్టు తెల్లగా తేలుతుంది. అప్పుడు కొన్నోళ్లు మీ గడప తొక్కుతారు.

ముందు ఎనామిల్ కింద ఏముందో చూడు. మూత వెనక రూపాయి బిళ్లంత చోట పెయింట్ రిమూవర్ పూసి గీకు. కింద ఎర్రటి గోధుమ రంగు పూత కనిపిస్తే దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దు. జిగటగా కరిగి దూదికి అంటితే లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగకుండా థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్, అది ఈమధ్య కాలం పని. లక్క ఉంటే నీ అదృష్టం: ఎనామిల్ చెక్కలోకి దిగి ఉండదు, పొరలుగా లేస్తుంది.

రిమూవర్‌ను మందంగా ఒకే వైపుకు పూయాలి, బ్రష్ అటూ ఇటూ ఆడించకూడదు. పైన పాలిథీన్ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయ్. గీకే రేకు మూలలు ముందే గుండ్రంగా అరగదీసుకో, లేకపోతే చెక్కకు గాట్లు. నగిషీ సందుల్లోకి వెదురు పుల్ల, ఇనుము వద్దు. ఆఖర్న టర్పెంటైన్ గుడ్డతో తుడువు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా ఉప్పు కాగితం పట్టొద్దు, హీట్ గన్ అసలొద్దు. చేతికి తొడుగులు వేసుకుని ఆరుబయట, నీడలో చెయ్.

ఇక పగులు. లప్పం పెట్టే ముందు మూత తిరగేసి చూడు. అడ్డంగా రెండు పట్టీలుంటాయి, వాటిని ఎవరో స్క్రూలతో, జిగురుతో కదలకుండా బిగించి ఉంటారు. పలక పొడవున కదలదు, వెడల్పున కదులుతుంది. రెండడుగుల వెడల్పు టేకు వానాకాలానికీ మన మే నెల ఎండకూ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. అడ్డపట్టీ వదలకపోతే పలక చీలక ఏం చేస్తుంది? లప్పం పెడితే వానల్లో చెక్క ఉబ్బి దాన్ని నలిపేస్తుంది, మళ్లీ ఎండాకాలానికి ఆ పక్కనే ఇంకో పగులు.

పట్టీలు విప్పి, జిగురు గీకేసి, పట్టీల్లోని స్క్రూ బెజ్జాలను పలక వెడల్పు దిశలో కోలగా తొలువు. మధ్య స్క్రూ ఒక్కటే బిగుతుగా, మిగతావి వాషరు వేసి జారేలా. పట్టీ విప్పి వారం పది రోజులు నీడలో పెడితే చాలాసార్లు పగులు కొంత మూసుకుంటుంది. మిగిలిన సందు చేతి బలంతో మూసుకుంటే సరేసు జిగురు పెట్టి క్లాంపు వెయ్. మూసుకోకపోతే బలవంతం చేయొద్దు, ఇంకోచోట చీలుతుంది. పాత టేకు నుంచి సన్న చీలిక తీసి, నార కలిసేలా చిత్రిక పట్టి అతికించు. జిగురు గిన్నెను నీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీలకు మించకుండా వేడి చెయ్, నేరుగా మంట మీద పెడితే పట్టు చచ్చిపోతుంది. పాత జిగురు మీద ఫెవికాల్ పట్టదు, అది వాడాలంటే చెక్క కనిపించేదాకా గీకాలి. పైగా రేపు కూసం విప్పాలంటే సరేసుకు వేడినీళ్లు చాలు.

పీయూ నా దృష్టిలో దండగ. గీత పడితే మొత్తం గీకాల్సిందే, లక్క అయితే ఆ చోటే స్పిరిట్‌లో తడిపిన గుడ్డ ముద్దతో కలిపేయొచ్చు. లీటరు స్పిరిట్‌కు లక్క రేకులు 120 గ్రాములు, రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టు. గాజు సీసాలోనే ఉంచు, ఇనుప డబ్బాలో నల్లబడుతుంది. కలిపి ఆరు నెలలు దాటిన లక్క సరిగా ఆరదు. గాజు మీద చుక్క వేసి మర్నాడు గోరు దిగితే పారబొయ్. వాన ముసురు రోజు పూస్తే తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది. వేడి గ్లాసు పెడితే లక్క మీద తెల్లటి చక్రం పడుతుందని కొనేవాళ్లకు ముందే చెప్పు.

రేకుమేకు_అనంతపురం:

ఇత్తడి గురించి. ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. రేకులను ఊడదీయొద్దు, పాత మేకు తలలు తెగుతాయి. చింతపండు, ఉప్పు వేసి తళతళ లాడించాలని అందరికీ ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే పులుపుకు జింకు కరిగిపోయి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు తుడిస్తే పోదు. సబ్బునీళ్ల గుడ్డ, మెత్తటి బ్రష్, పైన తేనెమైనం చాలు. వందేళ్ల మసక రంగుకే డబ్బులిస్తారు, మెరుపుకు కాదు. ఇంకోటి, ఆ చింతపండు రసం కడప బండ మీద పడనీయొద్దు. అది సున్నపురాయి, పులుపు తగిలిన చోట నునుపు పోయి మచ్చ మిగులుతుంది.

ఇనుప మేకు పీకే ముందు సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద రెండు నిమిషాలు ఆనించండి, తుప్పు పట్టు వదులుతుంది. నల్లమరక ఇనుమూ చెక్కలోని వగరూ కలిసి పుట్టింది, ఉప్పు కాగితంతో పోదు. లీటరు వేడినీళ్లలో ఆక్సాలిక్ యాసిడ్ 50 గ్రాములు కలిపి, మరక మీదే బ్రష్‌తో రాసి, ఆరాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. విషం, ఆరిన పొడి ముక్కులోకి పోకూడదు. ఇత్తడికి తగలనీయొద్దు. కొత్త ఇత్తడి మేకుకు ముందు బరమతో బెజ్జం వేయాలి, లేదంటే టేకులో వంగిపోతుంది.

పాతసామాను_ప్రొద్దుటూరు:

స్పిరిట్ పరీక్ష చేసినా, దూది ఎర్రగా జిగటగా వచ్చింది. అడుగు పలక, ఎర్రచందనం సంగతి చెప్పండి.

నల్లమల_కర్ర:

లోపలి అంచు నుంచి చిన్న పొట్టు తీయండి. కొంచెం స్పిరిట్‌లో, కొంచెం నీళ్లలో వేయండి. ఎర్రచందనం స్పిరిట్‌కు ఎర్రరంగు ఇస్తుంది, చన్నీళ్లకు దాదాపు ఇవ్వదు. నీళ్లు పసుపు గోధుమ రంగుకు తిరిగి వెలుతురులో నీలి మెరుపు కనిపిస్తే అది ఏగిస చెట్టు కర్ర. పాలిష్ అంటిన పొట్టు వాడితే లక్క రంగే దిగి మోసపోతారు. నిజంగా ఎర్రచందనమే అయితే అటవీశాఖను అడగకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అతుకు ముక్కకు కూడా కాగితాల్లేని ఎర్రచందనం కొనొద్దు. దంతపు పొదుగుడు ఉంటే అసలు ముట్టుకోకండి, దాని అమ్మకం నేరం. వందేళ్లు నిండిన కళావస్తువులకు 1972 నాటి పురాతన వస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని దేశం దాటించే హక్కు ప్రైవేటువాళ్లకు లేదు. కొనేవాళ్లు విదేశానికి పంపుతామంటే పురాతన వస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు సర్వే నుంచి వచ్చాకే ప్యాకింగు.

అడుగు పలక బహుశా టేకు చేవ (మాను నడిమి గట్టి చెక్క) కాదు. పుచ్చు పురుగు చేవ జోలికి పెద్దగా పోదు, తెల్లచెక్కనో మామిడినో తింటుంది. బొక్కలన్నీ పాతవే కావొచ్చు: పిండి దులిపేసి, కింద నల్లకాగితం పరిచి రెండు వారాలు చూడండి. కొత్త పిండి పడితేనే మందు. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ 50 మిల్లీలీటర్లు, టర్పెంటైన్ 950. సిరంజితో ఒక్కో బొక్కలోకి ఎక్కించి, మైనంతో మూసి, నాలుగైదు రోజులు గాలి తగిలే చోట వదలండి. ఆ తర్వాత అందులో బియ్యం, పప్పులు పోయకూడదు.

కూసం_బెజ్జం:

మందుకు ముందు సూదితో పొడిచి చూడన్నా. ఆ పలక పిండైపోయి ఉంటే మందు దండగ, మార్చెయ్. టీవీ నేరుగా దాని మీద ఉండదు గానీ చక్రాల ఇరుసులు దానికే ఉంటాయి, బరువంతా అటే దిగుతుంది. బండల మీద పెట్టేటప్పుడు చక్రాల కింద అరంగుళం టేకు బిళ్లలు వేయించు. బండ కడిగిన ప్రతిసారీ నీళ్లు చెక్క తాగుతుంది, చెదలూ ఆ దారినే ఎక్కుతాయి. వెనక గోడకు రెండంగుళాల సందు, పడమటి కిటికీ ఎండ పడని చోటు. టీవీ వైరు కోసం వెనక పలకకు బొక్క కొట్టమంటే ఒప్పుకోవద్దు, సందులోంచి పోనివ్వమను.