ఇద్దరు వెనక్కి వాలి తొక్కే మూడు చక్రాల సైకిల్: ముందు చక్రాలు ఎలా సరిచేయాలి?

తిరుపతిలో వానలు తగ్గాయి. సంక్రాంతి నుంచి నాన్నను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని చంద్రగిరి కోట దాకా మళ్లీ తొక్కాలని ఉంది. ఆయనకు చూపు బాగా తక్కువ, ఈ బండి ఎక్కితేనే హుషారు.

దీని చైన్ మామూలు సైకిల్ చైన్ కన్నా చాలా పొడవు. ప్లాస్టిక్ గొట్టాల్లోంచి వెళ్లేచోట తడి చేరి తుప్పు పట్టింది. కిరోసిన్‌తో కడిగి నూనె వేస్తే చాలా, మార్చేయాలా?

అసలు టెన్షన్ ముందు చక్రాలది. ఆ రెండు టైర్లూ నున్నగా అరిగాయి, వెనకది మాత్రం బాగానే ఉంది. ఇరుసు ఎత్తులో రిమ్‌ల మధ్య టేపు పెట్టి చూస్తే ముందువైపు దూరం ఎక్కువ, వెనకవైపు తక్కువ వస్తోంది. ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ (టై రాడ్) తిప్పి సరిచేసేటప్పుడు ఖాళీ బండికి కొలవాలా, ఇద్దరం కూర్చున్నాక కొలవాలా?

తిరుపతి, చిత్తూరు వైపు ఈ పని తెలిసిన మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండి. చెన్నై అయినా బండి తీసుకెళ్తాను.