చర్చ: లోన్ తెచ్చి మిల్లు పెంచాలా, ఉద్దెరల ఉన్న పైసలు ముందు రాబట్టాలా?

మిర్యాలగూడ మిల్లరు: మాది ఉప్పుడు బియ్యం మిల్లు. రెండు కోట్ల లోన్‌తో కొత్త సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరేసే మిషన్), డ్రయ్యర్ పెడదామనుకుంటున్న. ఖర్చులు పోను ఏడాదికి ఇంకో 18 లక్షలు మిగులుతయ్. మా ఆడిటర్ వద్దంటున్నడు. లాభం పెరుగుతుంటే ఎందుకు వద్దు?

నల్లగొండ లెక్కల సారు: మిత్తి ఎంత తమ్మీ?

మిల్లరు: 11 శాతం.

లెక్కల సారు: అంటే మొదటేడు మిత్తికే 22 లక్షలు. 18 తెచ్చే మిషన్‌కు 22 కడితే టర్నోవర్ పెరుగుతది, మిల్లు విలువ కరుగుతది. సొంత పైసలు పెట్టినా అంతే, వాటికీ రాబడి రావాలె కదా. బియ్యం కొనే షావుకార్ల దగ్గర ఎంత ఆగింది?

మిల్లరు: మూడు కోట్లు. మూణ్ణెల్ల ఉద్దెర. ఇక్కడ అందరం గట్లనే ఇస్తం.

లెక్కల సారు: ఉద్దెర నెలన్నరకు తే. కోటిన్నర చేతికొస్తది. సీసీ ఖాతాల (బ్యాంకుల వాడుకునే రోజువారీ అప్పు ఖాతా) జమ చేస్తే ఏడాదికి 16.5 లక్షల మిత్తి తప్పుతది. కొత్త అప్పు లేదు, కొత్త షెడ్డు లేదు.

మిల్లరు: ఉద్దెర తగ్గిస్తే షావుకారి పక్క మిల్లుకు పోతడు సారు! పాత మిషన్‌తో నూక ఎక్కువ పడుతున్నది. సీఎమ్మార్‌కు, అంటే సర్కారు వడ్లు పట్టిచ్చేదానికి, క్వింటాల్ వడ్లకు 68 కిలోల ఉప్పుడు బియ్యం ఇయ్యాలె. తక్కువ పడ్డది చేతి నుంచి పెట్టాలె. అది మీ లెక్కల ఏది?

లెక్కల సారు: అదెంతో రాసి ఆ 18కి కలుపు. నాలుగు లక్షలు దాటితే నేనే లోన్ తీసుకొమ్మంట.

నకిరేకల్ సంచుల యూనిట్: ఆ మూణ్ణెల్ల ఉద్దెర ఎవరి పైసలతో ఇస్తున్నరన్నా? మా అసొంటోళ్లయి ఆపి ఇస్తరు. ఒక మిల్లు పోయిన వానకాలం సంచుల పైసలు ఇంకా ఇయ్యలే. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కుట్టేటోళ్లకు కూలి ఇచ్చిన. ఏడాదికి 24 శాతం!

మిల్లరు: నేను నీకు బాకీ లేను. నన్నెందుకంటవ్?

సంచుల యూనిట్: నువ్వు లేవు. కానీ ఇప్పుడు సారు చెప్పేది కూడా ఇదే కదా, సప్లయర్‌ను ఆపుమని.

లెక్కల సారు: ఆ మాట నేను అనలేదు, అనను. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న యూనిట్‌కు ఒప్పందం లేకుంటే 15 రోజుల్ల, ఉంటే 45 రోజులు దాటకుండ కట్టాలె. దాటితే ఆర్‌బీఐ చెప్పే బ్యాంక్ రేటుకు మూడింతల మిత్తి, నెలనెలా చక్రవడ్డీ. 2023-24 నుంచి అట్ల ఆపిన బాకీని కట్టిన ఏడాదిల్నే పన్ను లెక్కల ఖర్చు కింద చూపాలె. చిన్న యూనిట్లకు సర్కారు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందా?

సంచుల యూనిట్: ఉంది సారు. కేసేస్తే వచ్చే సీజన్ ఆర్డర్ ఇస్తడా?

మిల్లరు: నేను మొదటి నుంచి మొత్తుకునేది అదే! షావుకారి మీద నాకు బలం లేదు, మిల్లు మీద నీకు లేదు. నా బియ్యం మంచిగుంటేనే గడువు అడగగల్గుత. అందుకే మిషన్.

లెక్కల సారు: మరి మొదలే ఆ మాట అనాలె కదా తమ్మీ. పెద్ద షావుకారిని అడుగు, అసొంటి బియ్యానికి 45 రోజుల్ల కడతనని కాయితం మీద రాసిస్తడా అని. రాసిస్తే బ్యాంకుకు పో. లేకుంటే వద్దు.

సంచుల యూనిట్: ఆయన రాసిచ్చిన్నాడు సంచుల గడువు కూడా కాయితం మీద పెట్టన్నా.