రిపోర్టులో అన్నీ తొంభై శాతం పైనే, అయినా కొండ సంఘాలు ఆగిపోతున్నాయి. రిజిస్టర్లలో ఏం చూడాలి?

ప్రశ్న: పంచాయతీ సమాఖ్య లెక్కలు రాసేవారు, గుణుపురం బ్లాకు

నమస్కారమండీ. ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం బ్లాకులో మహిళా పొదుపు సంఘాల పంచాయతీ స్థాయి సమాఖ్య (జీపీఎల్‌ఎఫ్) మాది. 42 సంఘాలు, 486 మంది సభ్యులు. రోడ్డు వార ఊళ్లలో తెలుగు, ఒడియా కుటుంబాలు, కొండ మీద సవర గిరిజనుల గూడలు (చిన్న పల్లెలు). పైకి వెళ్లే రిపోర్టులో హాజరు, పొదుపు, వసూలు అన్నీ బాగున్నాయి. కొండ సంఘాలు మాత్రం ఒక్కొక్కటే మీటింగులు మానేస్తున్నాయి. తేడా ఎక్కడుందో పుస్తకాల్లోంచి ఎలా పట్టుకోవాలి? అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిదీ ఒకే ఊరు. వాళ్ల మనసు నొప్పించకుండా కొండవాళ్లకు చోటు ఎలా కల్పించాలి?

జవాబు: సంఘాల శిక్షకురాలు, రాయగడ

ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టండి అప్పా. పంచాయతీ మొత్తానికి ఒక్క శాతం తీస్తే, జనం ఎక్కువున్న రోడ్డు వార ఊళ్ల లెక్క కింద పడి గూడల లెక్క కనబడకుండా పోతుంది. ప్రతి అంకెనూ గూడ వారీగా విడదీయాలి. అదే అసలు పని.

పన్నెండు నెలల మినిట్స్ పుస్తకాలు, అప్పుల లెడ్జర్లు, సభ్యుల పాసుపుస్తకాలు ఒకచోట చేర్చండి. ఒక్కో సభ్యురాలికి ఒక్కో వరుస రాయండి. ఆ వరుసలో సంఘం నంబరు, సభ్యురాలి నంబరు, గూడ పేరు, సమాఖ్య ఆఫీసుకు నడిస్తే ఎన్ని నిమిషాలు, ఇంట్లో ఏ భాష, ఒంటరి మహిళా, వికలాంగులున్న ఇల్లా అన్నవి ముందుండాలి. తర్వాత ఎన్ని మీటింగులకు వచ్చింది, పొదుపు ఎంత, అప్పు అడిగిన తేదీ, ఇచ్చిన తేదీ, మిగిలిన అసలు, వాయిదా దాటిన రోజులు. చివర్లో ఏ పదవి, ఎప్పట్నుంచి. ఒకరు చదువుతుంటే ఒకరు రాస్తే సంఘానికి గంటన్నర పడుతుంది. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే 42 సంఘాలకూ పదకొండు రోజులు.

రాసేటప్పుడు రెండు చోట్ల తప్పులు వస్తాయి. సొంబారి, బుధబారి లాంటి పేర్లు గూడకు ముగ్గురు నలుగురికి ఉంటాయి, పేరు చూసి రాస్తే ఒకరి అప్పు ఇంకొకరి వరుసలో పడుతుంది. ఎప్పుడూ నంబరు పట్టుకునే వెళ్లండి. రెండోది అంకెలు. కొన్ని పుస్తకాలు ఒడియా అంకెల్లో ఉంటాయి, ఒడియా నాలుగు తెలుగు కంటికి అచ్చం 8 లాగే ఉంటుంది. 440 రూపాయల పొదుపు 880 అయిపోతుంది. అందుకే సంఘం మొత్తం కూడి బ్యాంకు పాసుపుస్తకంతో సరిపోయాకే తర్వాతి పుస్తకం తెరవండి.

ఇప్పుడు లెక్క. చూపడానికి కొన్ని అంకెలు వేస్తున్నాను, మీవి వేసుకోండి. 486 మందిలో కొండవాళ్లు 170 అనుకుందాం, అంటే 35 శాతం. కార్యవర్గం 11 మందిలో కొండ నుంచి ఒక్కరే ఉంటే 9 శాతం. 9ని 35తో భాగిస్తే 0.26. ఏడాదిలో ఇచ్చిన 28 లక్షల్లో వాళ్లకు చేరింది 4 లక్షల 20 వేలైతే 15 శాతం, 35తో భాగిస్తే 0.43. వాటా సరిగ్గా ఉంటే 1 రావాలి. 0.8 కంటే తగ్గిన గూడ దగ్గర ఆగి కారణం వెతకాలి. ఇలా హాజరుకు, అప్పుకు, పదవికి, శిక్షణకు పంపినవారికి వేరువేరుగా తీయండి. నాలుగూ ఒకే గూడలో తగ్గాయంటే అది వాళ్ల బద్ధకం కాదు, సమాఖ్య నడిచే పద్ధతిలోనే లోపం.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. అప్పు అడిగి దొరకని మనిషి ఏ పుస్తకంలోనూ ఉండదు. మినిట్స్‌లో మంజూరైనవే రాస్తారు. "కొండవాళ్లు అప్పు అడగరు" అనే మాట అక్కడి నుంచే పుడుతుంది. ఈ నెల నుంచే "అడిగినవారి పుస్తకం" వేరుగా పెట్టండి. తేదీ, సభ్యురాలి నంబరు, ఎంత, దేనికి, ఏమైంది, కాదంటే ఎందుకు. అయిదు గీతల నోటుబుక్కు చాలు. మూడు నెలలు రాసి చూస్తే, ఏ గూడవారు ఎన్ని రోజులు ఎదురు చూస్తున్నారో తెలుస్తుంది. రోడ్డు వారకు ఏడు రోజులు, కొండకు నలభై రోజులు అని తేలితే ఆ ఒక్క అంకె కార్యవర్గాన్ని కదిలిస్తుంది.

హాజరు 100 శాతం ఉన్న పుస్తకాన్ని నమ్మకండి. ఊడ్పుల ఆషాఢంలో, జీడిపిక్కలు ఏరే ఎండాకాలంలో, పిల్లల జ్వరాల వానల్లో ఏ సంఘమూ నిండుగా కూర్చోదు. నాలుగు వారాల వేలిముద్రలూ ఒకే సిరా మరకతో, ఒకే వరుస క్రమంలో ఉన్నాయా అని పుస్తకాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. ఒక్క పూటలో వేసినవైతే తెలిసిపోతుంది. అప్పుడు కేకలేయొద్దు. నిజం హాజరు రాస్తే గ్రేడు పోతుందన్న భయంతో వేసినవే అవి.

జవాబు: సంఘాల ఆడిటరు, పర్లాకిమిడి

శిక్షకురాలుగారు చెప్పినదానికి వసూలు సంగతి కలుపుతాను. 96 శాతం వసూలు అనే అంకె రెండు విధాలుగా మోసం చేస్తుంది. ఈ నెల డిమాండుతో, అంటే ఈ నెల కట్టాల్సిన సొమ్ముతో పోల్చేటప్పుడు పాత బకాయి కట్టినదీ, ముందుగా కట్టినదీ కలిపేస్తారు. అలాంటప్పుడు ఒక నెల 110 శాతం కూడా వస్తుంది. దాని బదులు ప్రమాదంలో ఉన్న అసలు తీయండి. వాయిదా 30 రోజులు దాటిన ప్రతి అప్పులోనూ తప్పిన వాయిదాలే కాదు, మిగిలిన అసలు మొత్తం లెక్కలోకి తేవాలి. 20,000 తీసుకుని 14,000 కట్టిన సభ్యురాలు ఒక్క 2,000 వాయిదా తప్పి 31 రోజులైతే 6,000 మొత్తం ప్రమాదంలో ఉన్నట్టే. సమాఖ్య మొత్తంలో మిగిలిన అసలు 19,60,000, అందులో అలాంటి అప్పులు 1,37,200 అయితే 7 శాతం. దీన్నీ గూడ వారీగానే తీయాలి.

రెండోది పాత అప్పు కొత్త అప్పుతో మూయడం. ఒకే సభ్యురాలికి అప్పు మూసిన తేదీకీ కొత్తది ఇచ్చిన తేదీకీ మధ్య ఏడు రోజుల్లోపు ఉంటే ఎర్ర గీత గీయండి. అందులో కొన్ని సరైనవే ఉంటాయి. కానీ పదవిలో ఉన్నవారి వరుసల్లో ఎర్ర గీతలు గుంపుగా కనబడితే అసలు సమస్య అదే.

ఈ సరిహద్దుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. పాతపట్నం, కురుపాం వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన తెలుగు ఆడపడుచుల ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒడియా పద్ధతిలో అది చివర ఉంటుంది. బ్యాంకులో ఒకలా, సంఘం పుస్తకంలో ఒకలా ఉంటే ఖాతాకు డబ్బు పడదు. ఒడిశా ప్రభుత్వం మహిళల కోసం 2024లో మొదలుపెట్టిన సుభద్ర పథకంలో ఏడాదికి 10,000, అయిదేసి వేలు రెండు విడతలు. 21 నుంచి 60 ఏళ్ల వారికి. అర్హత ఉండి కూడా అందనివారి జాబితాలో పేరు తేడా అని ఒక గడి పెట్టి గూడ వారీగా లెక్కిస్తే, ఎవరికి కాగితం సాయం కావాలో తెలుస్తుంది. అయితే ఆధార్ కాపీలు, పాసుపుస్తకం ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. షీటులో ఆధార్ చివరి నాలుగు అంకెలు చాలు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని సంగతి అటుంచినా, సాటి మనిషి కాగితాలు ఆమెను అడక్కుండా నలుగురికీ చూపడం మన పని కాదు.

అడిగినవారి నుంచి మళ్లీ

లెక్క అర్థమైందండీ. కానీ మా కార్యవర్గంలో ఎస్టీ మహిళలు ఇప్పటికే అయిదుగురు ఉన్నారు. ఇంకా ఏం కావాలి అంటారు అక్కడివాళ్లు.

జవాబు: సంఘాల శిక్షకురాలు, రాయగడ

ఆ అయిదుగురూ ఏ గూడ అని అడగండి. రోడ్డు పక్క, ఒడియా వచ్చిన, ఇంట్లో ఒక జీతం ఉన్న కుటుంబాలవారైతే కులం గడి నిండింది గానీ కొండ గొంతు రాలేదు. అందుకే కోటా కులం మీద మాత్రమే కాకుండా గూడ మీద కూడా పెట్టాలి. నాలుగు గూడల గుంపుకు ఒక సీటు అని రాసుకోండి.

బైలాలో (సమాఖ్య నియమావళిలో) పదవీకాలం, కోరం (మీటింగు చెల్లాలంటే రావాల్సిన కనీస సంఖ్య) ఎంతో మొదట చదవండి. కోరం ఆరుగురు అని ఉంటే, "అందులో కొండ ప్రతినిధులు ఇద్దరైనా ఉండాలి" అని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి. అది లేకపోతే వాళ్లు రాని రోజునే అప్పులు మంజూరవుతాయి.

మార్పు అధ్యక్ష పదవి నుంచి మొదలుపెట్టకండి. గొడవ అక్కడే మొదలవుతుంది. ఎవరికి ఎంత అప్పు అని తేల్చేది అప్పుల ఉపసంఘం. ముందు అందులో సగం సీట్లు కొండకు ఇవ్వండి. ఆ తర్వాత మూడు నెలలు కోశాధికారి పక్కన కొండ నుంచి ఒకరు కూర్చుని నగదు లెక్కించాలి, లెడ్జరు తిప్పాలి, బ్యాంకుకు వెళ్లి రావాలి. నాలుగో నెలలో సంతకం హక్కు మార్చండి. తీర్మానం నకలు, గుర్తింపు కాగితాలు, ఫొటోలు, నమూనా సంతకాలు తీసుకుని పాతవారు, కొత్తవారు కలిసి ఒకేరోజు బ్యాంకుకు వెళ్లాలి. నిధుల విడత వచ్చే ముందు వారంలో మాత్రం సంతకాలు మార్చొద్దు, సొమ్ము ఇరుక్కుపోతుంది. పాత నాయకురాళ్లు ఏళ్ల తరబడి సమాఖ్యను నిలబెట్టినవాళ్లే. కొత్త సంఘాలకు శిక్షణ ఇచ్చే పని గౌరవంగా వాళ్లకు అప్పజెప్పండి. "సలహాదారు" అని పేరు పెట్టి పాసుపుస్తకం వాళ్ల బీరువాలోనే ఉంచితే మాత్రం ఏమీ మారనట్టే.

మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెడితే కొండవాళ్లు చీకట్లో నడవాలి. పదకొండింటికి మొదలుపెట్టి రెండుకు ముగించండి. ఆటో ఛార్జీ తర్వాత ఓచరు మీద కాదు, ఆ పూటే చేతికివ్వండి. ఒక్కో అంశం అయ్యాక ఆగి సవరలో చెప్పించండి. చెప్పే మనిషి ఆఫీసు బేరర్ల ఇంటివాళ్లు కాకూడదు. ఆమె అయిదు నిమిషాలు మాట్లాడితే మినిట్స్‌లో "అంగీకరించారు" అని ఒక్క ముక్క రాయకుండా, ఏం అడిగిందో రాయించండి.

ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలంటే చింతపిక్కలు చాలు. రెండు గిన్నెలు పెట్టండి, రోడ్డు వారవారు మాట్లాడితే ఒకదాంట్లో, కొండవారు మాట్లాడితే ఇంకోదాంట్లో ఒక పిక్క. చివర్లో అందరి ముందూ లెక్కపెట్టండి. 31, 2 అని వస్తే వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాతి మీటింగులో మాట మొదలుపెట్టే వంతు దూరపు గూడకు ఇవ్వండి.

అడిగినవారి నుంచి మళ్లీ

ఆఖరి సందేహం. ఈ లెక్కలు సభ్యులందరికీ చూపాలా? చదువురానివారు ఎక్కువ.

జవాబు: సంఘాల ఆడిటరు, పర్లాకిమిడి

తప్పక చూపాలి, కాగితం పై ఆఫీసుకు వెళ్లే లోపే చూపాలి. గోడ మీద ఒక్కో గూడకు రెండు గీతలు. హాజరుకు పసుపు, అప్పుకు ఆకుపచ్చ. ఒక బెత్తెడు గీత అంటే 1, సగం గీత అంటే 0.5 అని నోటితో చెబితే అర్థమవుతుంది. గూడ పేరు ఒడియాలో, తెలుగులో రెండు లిపుల్లోనూ రాయండి. బకాయిదారుల పేర్లు మాత్రం గోడ మీద వద్దు. పేరు కనబడిన మనిషి డబ్బు కట్టడం కంటే ముందు మీటింగుకు రావడం మానేస్తుంది, ఆమె వెనకే ఆ ఇంటి తోడికోడళ్లూ మానేస్తారు. బకాయి మాట ఆమె సంఘంలో, పదిమంది మధ్యే జరగాలి.

చార్టు కింద కొలిచిన నెల రాయండి. మళ్లీ ఆరు నెలలకు కొలిచి ఊడ్పుల నెలను ఎండాకాలంతో పోల్చితే హాజరు పడిపోయినట్టే కనిపిస్తుంది. ఆషాఢాన్ని వచ్చే ఆషాఢంతోనే పక్కన పెట్టి చూడండి, అప్పుల గీత మాత్రం మూడు నెలలకోసారి మార్చవచ్చు.